ఒక పూట ఓపిక

"మా యజమానురాలితో మీరేం చెప్పారు?"

భర్త చేతులు కడుక్కుంటున్నాడు. లిఫ్టుల గ్రీజు ఒక పట్టాన వదలదు. మూడోసారి సబ్బు రుద్దుతూ, వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చాడు.

"చెప్పాల్సిందే చెప్పాను."

"అదేదో నాకూ చెబితే బావుండేది. మధ్యాహ్నం ఫోన్ చేసి, 'రేపట్నుంచి రావటం లేదటగా మాస్టరమ్మా, ఒక్కమాట ముందు అనొచ్చుగా' అందావిడ. ఏమనాలో తెలీక 'ఊఁ' అన్నాను. నేను పని మానేసిన సంగతి నాకే ఆఖర్న తెలిసింది."

కొళాయి కట్టేసిన చప్పుడు. తువ్వాలు కోసం అతను వెతుక్కుంటుంటే, అది అతని భుజం మీదే ఉందని ఆమె చెప్పలేదు.

కోట్లు కుట్టే దుకాణంలో ఆమె పదకొండేళ్లుగా గుడ్డ కోస్తోంది. మొదట్లో కుట్టుమిషన్ల వాళ్లు ఎగతాళిగా మాస్టరమ్మ అన్నారు. తర్వాత మర్యాదగా అన్నారు. ఇప్పుడు ఇంట్లో అత్తగారు కూడా ఇరుగుపొరుగుతో మాట్లాడేటప్పుడు అలాగే అంటుంది. మాస్టరమ్మకి జబ్బు వచ్చి మూడేళ్లయింది. నోరు తిరగనంత పొడుగు పేరున్న జబ్బు. ఒంటిని కాపాడాల్సిన బలమే ఒంటి మీద తిరగబడుతుందని డాక్టరు చెప్పింది. కీళ్లు వాస్తాయి. అంతకంటే ముందు ఓపిక పోతుంది. నిద్రపోయి లేచినా తిరిగిరాని రకం నీరసం.

"నీ మంచికే చెప్పాను," అన్నాడు భర్త. "మొన్న స్నానాల గదిలోంచి సగం తల తడుపుకుని వచ్చేశావు. మిగతా సగానికి ఓపిక లేదన్నావు. మర్నాడు తొమ్మిదిన్నరకల్లా తయారై దుకాణానికి వెళ్లావు. ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"తల వదిలేశాను కాబట్టే వచ్చింది."

"ఇదిగో, ఇలాంటి మాటలే నాకర్థం కావు."

"ఇందులో అర్థం కానిదేముంది? ఉన్నది ఒక్క పూట ఓపిక. తలకి పోసుకుంటే చేతుల్లోకి రాదు."

"మరి ఆ ఒక్క పూట మాకెందుకు దక్కదు? పొద్దున్న దుకాణానికి, మధ్యాహ్నం మంచానికి. మాకు మిగిలేది నీ మూలుగేగా."

అనేశాక అతనికే చేదుగా తోచినట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఎంతలే, ఆర్నెల్లు. ఆర్నెల్లలో తగ్గిపోతుందని నీ డాక్టరే అంది కదా. అందాకా ఇంటిపట్టున ఉండు. తగ్గాక మళ్లీ కత్తెర పట్టు. నేనొద్దన్నానా?"

బల్ల అవతల అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తోంది. ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగాయి. కోడలి వంక చూసి, మళ్లీ ఒలుపులో పడింది.

"సరే, నా సంగతి నన్నడక్కుండా..." అంటూ మాస్టరమ్మ మళ్లీ అందుకోబోయింది.

"నాన్నని అనకు. వెళ్లి చెప్పమన్నది నేనే."

గది గుమ్మంలో కూతురు. పదమూడేళ్లది. పుట్టినప్పుడు గుప్పెడే ఉందని అందరూ పిచ్చుక అన్నారు. ఇప్పుడు తల్లి భుజం దాటింది, పేరు మాత్రం ఎదగలేదు.

"పిచ్చుకా, నువ్వు లోపలికి పో," అన్నాడు తండ్రి.

"పోను. మూడున్నరకి నేను బడి నుంచి వస్తాను. అమ్మ గది తలుపు మూసి ఉంటుంది. గిన్నె కింద పెడితే నానమ్మ ష్ అంటుంది. ఐదున్నరకి అమ్మ లేస్తుంది. ఏదైనా చెప్పబోతే కాసేపాగు అంటుంది. ఆ కాసేపు ఇంతవరకూ అవలేదు."

తల్లి ఏదో అనబోయింది.

"మా స్నేహితురాలి వాళ్లమ్మ మీ దుకాణంలో కోటు కుట్టించుకుంది. మీ అమ్మ భలే సరదా మనిషి, కొలతలు తీస్తున్నంతసేపూ నవ్వించింది అంది. ఆ సరదా మనిషి ఎవరో నాకు తెలీదు. నేనెప్పుడూ చూళ్లేదు."

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే తల్లి దగ్గరికి తీసుకునేది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పి గదిలోకి వెళ్లిపోయింది. తలుపు కూడా మెల్లగానే వేసుకుంది. ఆ ఇంట్లో పెరుగుతున్న పిల్లకి విసురుగా వెయ్యడం అలవాటు లేదు.

ఎవరూ ఎవర్నీ చూడలేదు. చిక్కుడు గింజొకటి బల్ల మీంచి దొర్లి కింద పడింది. దాన్ని తియ్యడానికి కూడా ఎవరూ వంగలేదు.

*

శుక్రవారం ఆమె పనికి వెళ్లలేదు.

రోజూ కళ్లు తెరవగానే ముందు గుప్పిట మూసి చూసుకుంటుంది. వేళ్లు అరచేతికి ఆనితే మంచి రోజు. ఆనకపోతే, ఎంతవరకు వస్తాయో దాన్ని బట్టి ఏ పని వదిలెయ్యాలో మంచం మీదే తేల్చుకుంటుంది. నిలబడి చేసేవి ముందు పోతాయి. తర్వాత చేతులెత్తి చేసేవి. ఆ తర్వాత మాటలు. మాటకి కూడా ఓపిక కావాలని జబ్బు రాకముందు ఆమెకి తెలియదు.

ఆ రోజు వేళ్లు ఆనాయి. దుకాణం లేదు. మూడున్నరకి పిల్ల వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉండాలి. ఇవాళ్టికి ఇదొక్కటే పని అనుకుంది.

కానీ ఇల్లు ఊరుకోదు. పక్క దులిపింది. ఉతికిన బట్టలు కుప్పగా ఉంటే కూర్చునే కదా అని మడతలు మొదలుపెట్టింది. పాలు పొంగాయి, తుడిచింది. ఎవరో తలుపు తట్టారు, లేచి వెళ్లింది. కింద ఇంటివాళ్ల తాళం అత్తగారి దగ్గరుందా అని అడిగారు, వెతికిచ్చింది. ఒక్కోటీ పని అనిపించుకునేంత పెద్దది కాదు. దుకాణంలో ఆమె మూడు గంటలు కూర్చుని చేసేది ఒకే పని. ఇక్కడ పదకొండు గంటలకే ఇరవై చేసింది. వాటిలో ఒక్కటీ పూర్తయినట్టు లేదు.

మూడున్నరకి పిచ్చుక వచ్చింది. తల్లి కుర్చీలోనే నిద్రపోతోంది. మెడ పక్కకి వాలిపోయింది. ఒళ్లో సగం మడిచిన చొక్కా.

పిల్ల కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత తన గదిలోకి వెళ్లింది. గుమ్మంలో వదలాల్సిన బూట్లు చేత్తో పట్టుకునే వెళ్లింది, చప్పుడవుతుందని.

ఇదంతా అత్తగారు వంటింట్లోంచి చూసింది.

సాయంత్రం కోడలు లేచి మొహం కడుక్కుని వచ్చాక, ఆవిడ టీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. ముప్పై ఏళ్లు పెద్దాసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసిన మనిషి. ఇప్పటికీ మంచం చూస్తే దుప్పటి మూలలు సరిచెయ్యకుండా ఉండలేదు. ఎవరి సంగతీ ముందుగా అడగదు. కానీ అడిగితే మాత్రం సూది పొడిచినట్టు, ఒక్కసారే.

"నువ్వు వేసుకునే ఆ తెల్ల మాత్రలు ఆర్నెల్లకి రాసేవి కావు," అంది.

కోడలు తాగబోయిన గ్లాసు దించింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"అవి ఇంట్లోకి వచ్చిన మొదటి వారమే చూశాను. ఎవరికిస్తారో, ఎంతకాలం ఇస్తారో తెలియకపోతే నేను ముప్పై ఏళ్లు అక్కడ పళ్లు అమ్మినట్టే."

"మరి ఎందుకు అడగలేదు?"

"జబ్బు ఎవరిదో వాళ్లు చెప్పాలి. నువ్వే చెప్తావని చూస్తున్నాను. నువ్వు చూస్తే పెదవి విప్పవు."

మాస్టరమ్మ ఎవరో ఇంకొకరి సంగతిలాగా చెప్పింది. "ఆ రోజు ఆసుపత్రి బయట ఆయన నిలబడి ఉన్నారు. పనిలోంచి అలాగే వచ్చేశారు, చేతులకి గ్రీజు. ఎన్నాళ్లు పడుతుందట అన్నారు. డాక్టరు చెప్పింది, ఇది ఉంటుంది, కొన్నాళ్లు ఎక్కువగా, కొన్నాళ్లు తక్కువగా, కానీ ఉంటుంది అని. ఆయన మొహం చూస్తే అది నోటికి రాలేదు. ఆర్నెల్లు అన్నాను. అవి అయ్యాక మందు మార్చారు, ఇంకో ఆర్నెల్లు అన్నాను. ఇప్పటికి ఎన్నోసారో."

"వాడు నమ్మాడు."

"నమ్మారు. అదే కష్టంగా ఉంది."

"వాడి కోపం నీ మీద కాదే," అంది అత్తగారు. "ఆ ఆర్నెల్ల మీద. ఎప్పుడు గడుస్తాయా అని కొట్టుకుంటున్నాడు. గడిచినా వచ్చేది ఇదేనని తెలిస్తే ఏం చేస్తాడో నాకూ తెలీదు. నా కడుపున పుట్టినవాడే, అయినా చెప్పలేను. కానీ లేని గట్టు కోసం ఈదేవాణ్ణి ఎన్నాళ్లు ఈదనిస్తావు?"

కోడలు టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టింది.

"రేపు దుకాణానికి వెళ్తున్నావా?"

"గళ్ల గుడ్డ ఉంది అత్తయ్యా. వాద్యబృందానికి పన్నెండు కోట్లు. గళ్లు కలిపి కోసేవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు. మీ అబ్బాయి చెప్పింది నిజం కాదు, శనివారం వస్తానని పొద్దున్నే యజమానురాలికి ఫోన్ చేశాను."

"వెళ్లు. పిచ్చుకని వెంట తీసుకెళ్లు. సముదాయించడానికి కాదు. సముదాయించొద్దు కూడా. ఊరికే చూడనీ."

*

"ఆగమన్నా ఆగవు, ఇంకెందుకు అనడం," అన్నాడు భర్త శనివారం పొద్దున్న. అంతకుమించి గొడవ పెట్టుకోలేదు. పిల్ల వెంట వెళ్తుందని విని మాత్రం ఆశ్చర్యపోయాడు. పిల్ల కూడా 'వస్తాను' అనలేదు. బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది.

దుకాణం పొడుగాటి గది. ఒకవైపు ఆరు కుట్టుమిషన్లు. మధ్యలో కోత బల్ల, పడవంత పొడుగు. బల్ల దగ్గర ఎత్తైన పీట ఒకటి. దాని కాళ్లని కొయ్య ముక్కలతో పెంచిన సంగతి చూడగానే తెలుస్తుంది.

"నీ కోసం చేయించారా?" అంది పిచ్చుక.

"అక్క చేయించింది, మా యజమానురాలు. నిలబడలేకపోతున్నానని చెప్పలేదు నేను. ఒకరోజు వచ్చేసరికి పీట ఉంది."

యజమానురాలు భారీ మనిషి. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. పిల్లని పైనుంచి కిందికి చూసి, "ఇదేనా పిచ్చుక? దీనికి కోటు కుట్టాలంటే గద్ద కొలతలు తియ్యాలి," అంది. పిల్ల నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది.

గుడ్డ పరిచారు. ముదురు నీలం మీద సన్నని బూడిద గళ్లు. పిల్ల ఒక కొస పట్టుకుంది. తల్లి కాగితపు అచ్చులు ఒక్కోటీ గళ్ల మీద పెట్టి, జరిపి, మళ్లీ జరిపి, సుద్దతో గీసింది. ముందు భాగం మీది గీత చేతి మీది గీతతో కలవాలి. వెంట్రుకవాసి తప్పినా, తొడుక్కున్న మనిషి వంకరగా కనిపిస్తాడు. అప్పుడు కత్తెర తీసింది.

పిచ్చుక తల్లిని అలా ఎప్పుడూ చూడలేదు. కత్తెర ఆగకుండా నడిచింది. ముక్కు కొంచెం ముడిచి, పెదవి పంటి కింద పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడు గుడ్డని తిప్పకుండా తనే కొంచెం తిరిగి కోసింది.

"బూర ఊదే ఆయన కొలత ఇదేనా?" అంది యజమానురాలు, చీటీ చూస్తూ. "పొట్ట దగ్గర ఇంత బిగుతైతే ఊపిరెక్కడ పీలుస్తాడే?"

"పీల్చిన తర్వాత కొలత ఇచ్చి ఉండడక్కా. మర్యాదస్తుడు, పొట్ట బిగబట్టుకుని ఇచ్చి ఉంటాడు. రెండు వేళ్లు వదులుతాను. మొదటి పాటకే గుండీలు తెగి జనం మీద పడితే మనకి చెడ్డపేరు."

మిషన్ల వాళ్లంతా నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. తల్లి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

ఆరు కోట్లు అయ్యాక తల్లి కత్తెర పెట్టేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెనకాల తెర తీసుకుని లోపలికి వెళ్లింది. మిషన్లు ఆగలేదు, ఎవరూ తలెత్తలేదు. పిల్ల వెనకే వెళ్లింది. లోపల గుడ్డ తానులు వరసగా పరిచి ఉన్నాయి. వాటి మీద తల్లి వెల్లకిలా పడుకుని ఉంది. బయట గుండీల గురించి చెప్పి నవ్వించిన మనిషి కాదు. ఇంట్లో మూసిన తలుపు అవతల ఉండే మనిషి.

కుడిచెయ్యి పొట్ట మీద ఉంది. వేళ్లు కత్తెర పట్టుకున్న ఆకారంలోనే బిగుసుకుపోయి ఉన్నాయి. పిల్ల పక్కన కూర్చుని బొటనవేలు తియ్యబోయింది. రాలేదు.

"లాగకు. దానంతటదే వదులుతుంది," అంది తల్లి, కళ్లు తెరవకుండా.

"నొప్పా?"

"ఉంటుంది."

"రోజూనా?"

"కోసిన రోజు ఇలా. కొయ్యని రోజు ఇంకోలా."

"మరెందుకు కోస్తావు?"

తెర అవతల మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి పరుగెత్తుతున్నాయి.

"ఇక్కడ నన్ను ఒక్కటే అడుగుతారు. గుడ్డ కొయ్యమంటారు. కోస్తే అయిపోతుంది. ఇంట్లో ఏదీ అయిపోదు. నిన్న చూశావుగా. నీకోసం మేలుకుని ఉందామనుకున్నాను, మడతల దగ్గరే ఆగిపోయాను." కళ్లు తెరిచింది. "నువ్వన్న మాట నిజమే. ఇక్కడ నవ్వుతాను. ఇక్కడ నాకు చేతకానివి ఎవరూ చూడరు. ఇంట్లో నేను ఏ గదిలోకి వెళ్లినా, చెయ్యలేనిదే ముందు కనపడుతుంది. అందులో నువ్వూ ఉంటావు. నీ జడ, నీ పుస్తకాలు, నీ మాటలు. తప్పు నీది కాదు."

పిల్ల ఆ చెయ్యి వదిలెయ్యలేదు.

ఒకటిన్నరకి పన్నెండో కోటు ముక్కలు కట్టగట్టారు. గుమ్మం దాకా వచ్చిన యజమానురాలు టేపు మెడలోంచి తీసి చుడుతూ, "సోమవారం సంగతి ఏం చేద్దాం మాస్టరమ్మా? ఉంటావంటే ఎన్ని గంటలైనా సరే. లేదంటే నేను మనిషిని చూసుకోవాలి," అంది.

"ఇంట్లో మాట్లాడి చెప్తానక్కా."

"ఇంట్లో మాట్లాడటానికి నీకిన్నాళ్లు పట్టిందేం?" అంది ఆవిడ. జవాబు కోసం అడగలేదు, ఆ మాట అనేసి లోపలికి వెళ్లిపోయింది.

*

వాళ్లుండేది నాలుగో అంతస్తు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి ఉండే భవనానికి లిఫ్టు లేదని చుట్టాలకి ఒక నవ్వులాట. పిచ్చుక ఎప్పుడూ రెండేసి మెట్లు ఎక్కుతుంది. అలవాటుగా ఎక్కి, పైనుంచి చూస్తే తల్లి కనపడలేదు.

దిగి వచ్చింది. రెండో అంతస్తు దాటాక మలుపులో, మెట్టు మీద కూర్చుని ఉంది. సంచీ పక్కన పెట్టుకుని, తల కమ్మీలకి ఆనించి.

"ఏమైంది?"

"ఏం కాలేదు. రోజూ కూర్చుంటాను. ఇక్కడ ఒకసారి, పైన ఇంకోసారి."

"మాకెప్పుడూ చెప్పలేదు."

"చెప్తే మీ నాన్న కిందికి వచ్చి ఎత్తుకుంటానంటారు. అది ఇంకా పెద్ద గొడవ."

పిల్లకి నవ్వు వచ్చింది. పక్కన కూర్చుంది. కాసేపు ఇద్దరూ కింద ఎవరో సైకిలు తాళం వేస్తున్న చప్పుడు విన్నారు.

"పోనీలే," అంది పిచ్చుక, చాలా పెద్దమనసుతో. "ఇంకో ఆర్నెల్లేగా. నేను కేలండర్లో చూశాను. పెద్ద సెలవులకి అయిపోతుంది. అప్పుడు మనం ఈతకి వెళ్లొచ్చు. చిన్నప్పుడు నేర్పిస్తానన్నావు. అందాకా నేను తలుపు దగ్గర చప్పుడు చెయ్యను, సరేనా?"

అంతవరకూ కోపంగా ఉన్న పిల్లని ఆమె తట్టుకోగలిగింది. ఇది తట్టుకోలేకపోయింది.

"తగ్గదమ్మా," అంది.

"ఏంటి?"

"ఆర్నెల్లలో తగ్గదు. ఆ తర్వాతా తగ్గదు. కొన్ని రోజులు బావుంటాను, కొన్ని రోజులు ఉండను. ఎప్పటికీ ఇంతే. డాక్టరు మొదటి రోజే చెప్పింది. ఆర్నెల్లన్నది నేను."

పిల్ల కమ్మీల మీద పెచ్చులు లేచిన రంగుని గోటితో గీకుతూ కూర్చుంది. ఒక పెచ్చు ఊడింది, ఇంకోటి ఊడింది.

"నాన్నకి తెలుసా?"

"తెలీదు."

"మరి నాకెందుకు ముందు చెప్పావు?"

"నువ్వు కేలండర్ చూశానన్నావు. ఆగలేకపోయాను."

"నేను నీ మీద కోపంగా ఉన్నాను కదా," అంది పిచ్చుక. "ఆ కోపం ఇప్పుడేం చేసుకోవాలి?"

"ఉంచుకో. తీసెయ్యమని నేననలేదు."

పిల్ల మోచేత్తో ముక్కు తుడుచుకుంది. తల్లి చెయ్యి చూసింది. వేళ్లు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. కాసేపు వాటిని తన గుప్పిట్లో పెట్టుకుని, వదిలి లేచింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్పాలి. ఓపిక వచ్చాక చెప్తాను. సాయంత్రం..."

"నీకు సాయంత్రం ఓపిక ఉండదమ్మా."

ఆ మాట అని పిచ్చుక మెట్లెక్కింది. ఒక్కోమెట్టూ ఎక్కింది. మూడో అంతస్తు మలుపులో దాని బూట్లు కనపడకుండా పోయాయి. పైన తలుపు తీసిన చప్పుడు. రేడియో వినపడింది, అత్తగారి దగ్గు వినపడింది. ఆ తర్వాత పిల్ల గొంతు, ఎక్కడా తడబడకుండా.

"నాన్నా, అమ్మ మెట్ల మీద కూర్చుంది. నీతో ఏదో చెప్పాలట. ఇప్పుడే చెప్పాలట."

రేడియో ఆగిపోయింది.

అడుగులు మొదలయ్యాయి. గబగబా దిగుతున్నాడు, ఆమె పడిపోయిందనే అనుకుని ఉంటాడు. మూడో అంతస్తు దగ్గర కమ్మీల సందులోంచి తొంగిచూశాడు. ఆమె పడిపోలేదని, ఊరికే కూర్చుని ఉందని చూశాడు. అడుగులు నెమ్మదించాయి. ఒక మెట్టు, ఇంకో మెట్టు. ఏదో అడగబోతున్నవాడల్లా ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

మొదటి మాట ఏమిటో ఆమెకి ఇంకా దొరకలేదు. సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని, గోడవైపు జరిగి, మెట్టు మీద అతనికి చోటిచ్చింది.